హోటలక్క బయటికి వండిన రోజు

ఆ వీధిలో ఆమెను అందరూ హోటలక్క అంటారు. వయసులో ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. ఆమె అక్క అయింది కాబట్టి, వంటగదిలో ఉండే ఆమె భర్త వీధి మొత్తానికీ బావ అయ్యాడు.

"బావా, ఈ పూట ఉప్పుకి కరువొచ్చిందా?" అని బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళెవరో కేకేస్తారు.

"కరువు నీ నాలుక్కి వచ్చింది. వెళ్ళి చూపించుకో," అని లోపలి నుంచి ఆవిరిలో తడిసిన గొంతు జవాబు చెబుతుంది. మనిషి మాత్రం బయటికి రాడు. ఏళ్ళ తరబడి అక్కడ తింటున్నవాళ్ళలో చాలామందికి బావ అంటే ఒక గొంతు, కిటికీలోంచి పళ్ళెం అందించే ఒక చెయ్యి, అంతే.

సైకిళ్ళు బాగుచేసే కొట్టుకీ దర్జీ కొట్టుకీ నడుమ, ఎవరో జరిగి చోటిస్తే సర్దుకుని కూర్చున్నట్టు ఉంటుంది ఆ హోటలు. ఎనిమిది బల్లలు. గోడ మీద తలలు ఆనిన చోటల్లా చిన్న మబ్బుల్లాంటి మరకలు. వాకిలి పక్కన హోటలక్క కూర్చునే బల్ల. తినేవాళ్ళ ముఖాల్లోకి ఆమె చూడదు. ముఖం మర్యాదకి నవ్వుతుంది. ఆమె చూసేది తిరిగి వెళ్ళే పళ్ళేలను. ఎంగిలి పళ్ళేలన్నీ ఆమె ముందు నుంచే వెనక కడిగే చోటికి వెళ్ళాలి. కూర అంచుకి నెట్టి ఉంటే కారం ఎక్కువైనట్టు. అన్నం మధ్యలో గుంట చేసి వదిలేశారంటే పప్పు చాల్లేదు, అడగడానికి మొహమాటపడ్డారు. తుడిచినట్టున్న పళ్ళేలు వరసగా నాలుగు వస్తే కిటికీ వైపు తిరిగి, "బాగా కుదిరిందండీ," అంటుంది. లోపల గరిటె ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదులుతుంది. ఆ దంపతుల మధ్య అంతకు మించిన ముద్దుమాట ఎవరూ వినలేదు.

బావ వంటకి ఒక పద్ధతి ఉంది. ఎప్పుడూ కొంచెం కొంచెమే వండుతాడు. ఒక గిన్నె అయిపోవస్తుంటే ఇంకో గిన్నె పొయ్యెక్కుతుంది. దించిన మరుక్షణం మూత పెట్టి, మూత మీద బరువు పెడతాడు. పైకప్పు నుంచి సున్నం రాలుతుంది, వీధిలోంచి దుమ్ము వస్తుంది, అదొక కారణం. ఆయనకి పని నేర్పిన పెద్ద వంటవాడి మాట ఇంకో కారణం. ఆవిరి పోతే రుచి పోతుందనేవాడాయన. ఏమైనా ఆ మూత కింద కూర ఎంతోసేపు ఉండదు. చల్లారేలోపే గిన్నె అడుగు కనిపిస్తుంది.

ఎదురుగా ఉన్న పెద్ద ఆఫీసు ఊరి అవతలికి తరలిపోయాక మధ్యాహ్నాలు పలచబడ్డాయి. ఎండ వాకిట్లోంచి లోపలికి వచ్చి, ఖాళీ కుర్చీల్లో ఒక్కొక్కదాని మీదా కాసేపు కూర్చుని వెళ్ళిపోయేది. హోటలక్క దాన్నే చూస్తూ ఉండేది. ఇలాగే సాగితే తలుపులు మూసుకోవలసిన రోజు ఎంతో దూరంలో లేదని ఆమెకి తెలుసు. బావకీ తెలుసు. తెలిసిన సంగతిని ఇద్దరూ చెరో గదిలో దాచుకున్నారు.

అలాంటప్పుడు బట్టల మిల్లు సూపర్వైజరు ఆ మాట తెచ్చాడు. రోడ్డు చివర మిల్లు. ఆయన రోజూ ఇక్కడే తింటాడు. మిల్లులో కొత్త షెడ్డు తెరుస్తున్నారు, ఆ రోజు పనివాళ్ళందరికీ, వాళ్ళ ఇంటివాళ్ళకీ భోజనం పెట్టాలి. "ఆ పూట గట్టెక్కితే, రోజూ మధ్యాహ్నం మా మిల్లు భోజనం మీ చేతికే వస్తుందమ్మా. యజమాని అదే చూస్తున్నాడు," అన్నాడు చెయ్యి తుడుచుకుంటూ.

హోటలక్క మరిదిని ఇంట్లో చిన్నోడంటారు. సామాన్లు తేవడం, వడ్డించడం అతని పని. ఆ మాట వినగానే పళ్ళేలు అక్కడే పెట్టేసి వంటింట్లోకి పరుగెత్తాడు.

"మనకి ఎనిమిది బల్లలే ఎక్కువ," అన్నాడు బావ ఉల్లిపాయ మీంచి కళ్ళెత్తకుండా. "ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికి ఎక్కుతానందట."

హోటలక్క గుమ్మంలో నిలబడింది. "ఉట్టి ఖాళీ అయిపోయిందండీ. ఇక ఎక్కాల్సింది స్వర్గానికే."

"అంతమందికి నేనెప్పుడూ వండలేదే."

"ఒకేసారి వండలేదు. కలుపుకుంటే ఎంతమందికి వండారో!"

"మనిషిని చూసి వండుతాను నేను. గుంపుని చూసి వండలేను."

"మీరెప్పుడు మనిషిని చూశారు? కిటికీలోంచి చెయ్యే కదా బయటికొచ్చేది," అంది ఆమె.

చిన్నోడు నవ్వాపుకోలేక బయటికి పోయాడు. వెనక గిన్నెలు తోమే పిన్ని, బూడిద చేతులతోనే తొంగిచూసి, "ఒప్పేసుకో అబ్బాయ్. ఈ పూట కాదంటే ఇదే మాట రేపూ వినాలి, ఎల్లుండీ వినాలి. వండటమే సులువు," అంది.

బావ ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడనే అందరూ అనుకున్నారు. నిజానికి ఆయన చేసిందల్లా ఉల్లిపాయలు తరగడం ఆపకపోవడమే.

*

మిల్లు భోజనం రోజు తెల్లవారుతూనే హోటలు వెనక జాగాలో అద్దెకి తెచ్చిన గుండిగలు పొయ్యెక్కాయి. ఒక్కో గుండిగలో మనిషి కూర్చుని స్నానం చెయ్యొచ్చు. బావ గరిటె అందులో టీ చెంచాలా మునిగిపోతుంటే, చిన్నోడు తెడ్డు తెచ్చి ఇచ్చాడు. అన్నం, పప్పు, బంగాళాదుంపల వేపుడు, కొబ్బరిపాలు పోసి వండే కూరగాయల కూర. ఆ కూర బావ కూర. హోటలుకి పేరు తెచ్చింది అదే. కొబ్బరిపాలు పడ్డాక ఆ వాసన గోడ దాటి, దర్జీ ఇంకా తెరవని కొట్టు తలుపు సందుల్లోకి దూరింది. హోటలక్క తృప్తిగా ఊపిరి పీల్చుకుంది.

వేపుడు వెడల్పు తట్టల్లో పరిచి పైన గుడ్డ కప్పారు. కూర మాత్రం దించిన మరుక్షణం మూత పడింది. అద్దె వ్యాను కుదుపులకి ఒలకకుండా చిన్నోడు మూత చుట్టూ తడిగుడ్డ బిగించాడు, పైన తాడు కట్టాడు. బావ ఆ తాడుని ఇంకో మెలి తిప్పి, మూత మీద అరచేత్తో తట్టి చూశాడు. "గాలి దూరినా ఊరుకోను," అన్నాడు. ఎప్పుడూ చేసే పనే. ఎప్పుడూ సరిగ్గా చేసే పనే. ఎవరికీ అనుమానం రాలేదు.

మిల్లు దగ్గరికి పెందలాడే చేరారు. అక్కడ వేచి ఉండాల్సి వచ్చింది. యజమాని ఇంకా రాలేదు. వచ్చాక మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆయన తర్వాత ఇంకొకాయన, ఆ తర్వాత ఇంకొకాయన. ఆవరణలో వ్యాను రేకు కప్పు మీద ఎండ నిలబడింది. లోపల చీకట్లో గుండిగలు కదలక మెదలక కూర్చున్నాయి, ఏదో రహస్యం మింగిన మనుషుల్లా.

"ఈయన మాట్లాడుతుంటే నాకు ఆకలి కూడా చచ్చిపోయింది," అంది పిన్ని, వ్యాను నీడలో చతికిలబడి.

చివరికి చప్పట్లు వినిపించాయి. కొత్త షెడ్డులో పొడుగు బల్లలు వేశారు. మిల్లు కుర్రాళ్ళు కొందరు వడ్డనకి ముందుకొచ్చారు. మొదటి విడత కూర్చుంది. తిన్నవాళ్ళు లేచి కాగితం పళ్ళేలు గుమ్మం పక్కనున్న డ్రమ్ములో పడేసి చేతులు కడుక్కోవాలి. యజమాని, ఆయన కుటుంబం, చిన్నపిల్లల తల్లులు రెండో విడతలో కూర్చుంటారని సూపర్వైజరు చెప్పి వెళ్ళాడు.

హోటలక్కకి కూర్చునే బల్ల లేదు. ఏం చెయ్యాలో తోచక కాసేపు అటూ ఇటూ తిరిగి, తనకి తెలియకుండానే వెళ్ళి డ్రమ్ము పక్కన నిలబడింది.

మొదటి పళ్ళెం పడింది. అన్నం లేదు, వేపుడు లేదు. కూర అంచున ఉంది. చిన్నపిల్ల అయ్యుంటుంది అనుకుంది. రెండో పళ్ళెంలోనూ కూర అంచునే ఉంది. మూడోదాంట్లో కూర మీద అన్నం మెతుకులు కప్పి ఉన్నాయి, ఇంటికొచ్చిన చుట్టం వండినవాళ్ళ మనసు నొప్పించకుండా దాచినట్టు. ఎవరూ ఏమీ అనడం లేదు. ఊరికే పెట్టిన భోజనం, పైగా యజమాని అక్కడే ఉన్నాడు. కడుక్కున్న చేతులతో ఆమెకి దండం పెట్టి, బాగుందమ్మా అని వెళుతున్నారు. ముఖాలు నవ్వుతున్నాయి. పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, అన్నీ ఒకే మాట చెబుతూ.

ఆమె నడిచింది. పరుగెత్తితే జనం చూస్తారు. కూర గుండిగ దగ్గరికి వెళ్ళి వేలితో రుచి చూసింది. మసాలా, కొబ్బరి తీపి, అంతా బావ చేతిదే. మింగిన తర్వాత, గొంతు దగ్గర, తలుపు చాటున నిలబడ్డ మనిషిలా సన్నటి పులుపు. తప్పేమో అనుకుంది. వంగి లోపలికి చూసింది. అంచు వెంబడి బుడగలు. ఒకటి పగిలింది. దాని పక్కనే ఇంకొకటి లేచింది. గుండిగ కింద నేల ఉంది, పొయ్యి లేదు. అయినా కూర ఊపిరి తీస్తోంది.

రెండో గుండిగ మూత తాడు తనే విప్పింది. లోపలి నుంచి మూతని ఎవరో నెట్టినట్టు తేలిగ్గా లేచింది. అదే వాసన, ఇంకాస్త ఎక్కువ.

"ఏమండీ, ఇలా రండి."

బావ వచ్చి రుచి చూశాడు. చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు.

"టమాటా పులుపు," అన్నాడు.

"ఈ కూరలో మీరు టమాటా ఎప్పుడు వేశారు?"

ఆయన గుండిగ వైపే చూస్తున్నాడు.

చిన్నోడు బకెట్లు పట్టుకుని పరుగున వచ్చాడు. "రెండో విడత కూర్చున్నారు వదినా. కూర, కూర అంటున్నారు. ఏమైంది?" ఇద్దరి ముఖాలూ చూశాక అతనికి అర్థమైంది. గొంతు తగ్గించాడు. "ఎక్కువేం లేదు కదా. ఇంకాస్త ఉప్పూ కారం వేసి కలిపేద్దాం. మొదటివాళ్ళెవరూ ఏమీ అనలేదు కదా. ఒక్క పూట వదినా. ఈ ఒక్క పూట దాటితే చాలు."

ఒక్క పూట. ఆ ఒక్క పూట అవతల రోజూ మధ్యాహ్నాలున్నాయి. నిండిన కుర్చీలున్నాయి. ఆమె బావ వైపు చూసింది. ఆయన ఔననలేదు, కాదనలేదు. అరచేతిని లుంగీకి రుద్దుకుంటున్నాడు, మూత తట్టిన చెయ్యి.

షెడ్డులో ఒక కుర్రాడు ముందే నింపుకెళ్ళిన బకెట్టుతో వరస మొదట్లో ఉన్నాడు. గరిటె ముంచుతూ యజమాని పళ్ళెం దగ్గరికి వస్తున్నాడు. ఆ పక్కనే ఒకావిడ ఒళ్ళో పిల్లని కూర్చోబెట్టుకుని అన్నం మధ్యలో గుంట చేస్తోంది, కూర కోసం.

హోటలక్క ఈసారి పరుగెత్తింది. కుర్రాడి చేతిలోంచి గరిటె లాక్కుంది.

"ఎవరూ ఈ కూర తినకండి," అంది. ఇంకాస్త గట్టిగా అంది. "కూర పాడైంది. పళ్ళెంలో ఉన్నది పక్కన పెట్టెయ్యండి."

షెడ్డు కొత్తది కావడంతో ఆ మాట గోడలకి తగిలి మళ్ళీ వచ్చింది. కూర పాడైంది.

"తిన్నాక చెబుతున్నావేంటక్కా!" అని చేతులు కడుక్కునే చోటి నుంచి ఒక ఫిట్టరు అరిచాడు. "నేను రెండుసార్లు వేయించుకున్నానే!"

నవ్వు లేచింది. నవ్వు వెనక గొణుగుడు. యజమాని భార్య పళ్ళెం ముందుకి తోసేసి లేచింది. ఆమె లేచాక ఆయన లేచాడు. సూపర్వైజరు హోటలక్క దగ్గరికి వచ్చి పళ్ళ బిగువున, "ఇదేదో నాతో చెవిలో చెప్పొచ్చు కదమ్మా," అన్నాడు.

"మీ చెవి దొరికేలోపు కూర పళ్ళెంలో పడిపోతుందండీ."

"మీతోపాటు నన్నూ ముంచారు."

ఆమె బకెట్టు అందుకుని వ్యాను వైపు నడిచింది.

*

బావ వ్యాను వెనక ఉన్నాడు. తలుపుకి ఆనుకుని, గోడ వైపు తిరిగి. ఆయన కూర గురించి ఎవరైనా అలా అనడం అదే మొదలు. అన్నది బయటివాళ్ళు కాదు.

"పొయ్యి వెలిగించండి," అంది ఆమె. టీ కాచడానికి వాళ్ళు తెచ్చుకున్నది ఒకే ఒక్క చిన్న గ్యాసు పొయ్యి.

"ఏం వండమంటావ్? పరువు వండమంటావా?"

"గుడ్లు. చిన్నోడు ఎదురు కొట్టుకి వెళ్ళాడు. అన్నం బాగుంది, వేపుడు బాగుంది, పప్పు మూత ఇందాకే తీసి చూశాను, అదీ బాగుంది. మీ పద్ధతిలోనే చెయ్యండి. పళ్ళేనికొకటి."

"అంతమందికి పళ్ళేనికొకటా? తెల్లారుతుంది."

"ఉన్నవాళ్ళు ఉంటారు."

ఆయన తిరిగి ఆమెని చూశాడు. కోపమో ఏడుపో తెలియని కళ్ళు. వెళ్ళి పెనం పెట్టాడు.

చాలామంది వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళు పళ్ళేలు పట్టుకుని వరస కట్టారు. తప్పించుకోవడానికి బావకి ఇప్పుడు కిటికీ లేదు, గోడ లేదు. ఒక్కో ఆమ్లెట్ తిరగేసి ఒక్కో పళ్ళెంలో వేస్తూ, ఆ పళ్ళెం పట్టుకున్న మనిషిని చూడక తప్పలేదు. చేతులు మాత్రం వాటి తోవ అవి పట్టుకున్నాయి. పిన్ని ఉల్లిపాయలు తరుగుతూ, "ఏడుపొస్తే ఇప్పుడే ఏడ్చెయ్ అమ్మాయ్. ఉల్లిపాయల మీదికి తోసెయ్యొచ్చు," అంది హోటలక్కతో. ఆమెకి ఏడుపు రాలేదు. ఆమె మొదటి విడతవాళ్ళ గురించి ఆలోచిస్తోంది. అంచుకి నెట్టినవాళ్ళు సరే. నెట్టనివాళ్ళు?

తిరుగు ప్రయాణంలో నలుగురూ నాలుగు వైపులా చూశారు. హోటలు చేరగానే బావ వెనక జాగాలో గొయ్యి తవ్వాడు. గుండిగలు వంచాడు. తెల్లటి కూర మట్టిలోకి ఇంకుతుంటే కాసేపు అలాగే నిలబడి, తర్వాత మట్టి కప్పాడు. హోటలక్క మాట్లాడించబోయింది. ఆయన పార కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

ఆమె చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి వదినా?" అన్నాడు చిన్నోడు.

"మిల్లువాళ్ళ ఇళ్ళకి."

"తంతారు!"

"తన్నడానికి ఓపికుందంటే ఒంట్లో బాగున్నట్టే కదా."

*

మిల్లు పనివాళ్ళ ఇళ్ళన్నీ ఒకే పోలికలో ఉంటాయి. ఒకే కొలత తలుపులు, ఒకే రంగు. సాయంత్రపు వెలుగు ఆ తలుపుల మీద ఒకదాని తర్వాత ఒకటిగా పలచబడుతోంది. ఆమె మొదటి తలుపు నుంచి మొదలుపెట్టింది.

"మధ్యాహ్నం మిల్లులో తిన్నారా? ఒంట్లో ఎలా ఉంది?"

కొందరు మంచినీళ్ళిచ్చారు. కొందరు తలుపు సగం తీసి, సగంలోంచే మాట్లాడారు. ఒక ముసలాయన, "వండటం రాకపోతే మానెయ్యాలమ్మా, ఇల్లిల్లూ తిరగడం ఎందుకు?" అన్నాడు. ఆమె తలూపి పక్క తలుపుకి వెళ్ళింది. ఫిట్టరు ఇంట్లో అతని భార్య నవ్వింది. "మా ఆయనా? గొడ్డులా తిన్నాడు, గొడ్డులా పడి నిద్రపోతున్నాడు. ఆయన కడుపులో పడ్డాక పాడైన కూర కూడా బాగుపడుతుంది." ఆ రోజు హోటలక్క నవ్వింది అక్కడొక్కచోటే.

వరస చివర ఇంట్లోంచి తిట్లు వినిపించాయి. గుమ్మం దాకా వెళ్ళేసరికి అర్థమైంది, తిడుతున్నది తననే. ప్యాకింగులో పనిచేసే ఆవిడ. లోపల మంచం మీద ఆవిడ కూతురు, బడికి వెళ్ళే వయసు పిల్ల, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకుని ఉంది. మంచం పక్కన బకెట్టు.

"నువ్వేనా? ఇప్పుడెందుకొచ్చావ్? మిగిలిందా ఇంకా?"

"ఎన్నిసార్లయింది?"

"లెక్క రాసిపెట్టుకోలేదు. మొదటి విడతలో కూర్చుంది. కూరే బాగుందని కూరే తింది."

హోటలక్క వంగి పిల్ల నుదురు ముట్టుకుంది. చల్లగా, చెమటగా ఉంది. పిల్ల కళ్ళు తెరిచి, ఈమె ఎవరో తెలియక, మర్యాదకి చిన్నగా నవ్వబోయింది. ఆ నవ్వు చూడలేక హోటలక్క తల్లి వైపు తిరిగింది.

"ఆసుపత్రికి వెళదాం. లేవండి."

"నువ్వు చెప్పాలా?" అంటూనే ఆవిడ పిల్లని ఎత్తుకుంది. ఎత్తలేక తూలింది. హోటలక్క చేతులు చాపింది. ఒక్క క్షణం ఇద్దరూ పిల్లని చెరోవైపు పట్టుకుని నిలబడ్డారు. తర్వాత తల్లి వదిలింది.

రోడ్డు మలుపులో చిన్న ఆసుపత్రి. పిల్లని లోపల పడుకోబెట్టి సెలైన్ పెట్టారు. బయట బెంచీ మీద తల్లి ఒక కొసన, హోటలక్క మరో కొసన. గోడకి ఆకుపచ్చ రంగు. ఎవరిదో దగ్గు. లోపలి తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఇద్దరూ ఒకేసారి లేచేవాళ్ళు, ఒకేసారి కూర్చునేవాళ్ళు. పిల్లకేమైనా అయితే. ఆ వాక్యం ఆమె లోపల అక్కడే ఆగిపోయేది. దాని అవతల హోటలు లేదు, మిల్లు లేదు, ఏమీ లేదు.

మెట్ల దగ్గర చప్పుడైంది. బావ. మిల్లువాళ్ళ ఇళ్ళ దగ్గర ఎవరో చెప్పి ఉంటారు. వంటింటి లుంగీలోనే వచ్చేశాడు. భార్య పక్కన కూర్చోలేదు. నేరుగా ఆ తల్లి ముందుకి వెళ్ళి నిలబడ్డాడు. హోటల్లో తినేవాళ్ళు కూడా సరిగ్గా చూసి ఎరగని మనిషి, ఎవరో తెలియని ఆడమనిషి ముందు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

"కూర వండింది నేనమ్మా," అన్నాడు. "వేడివేడిగా మూత బిగించేశాను. హోటల్లో అలాగే చేస్తాను. అక్కడ వెంటనే అయిపోతుంది. మిల్లు దగ్గర గంటల తరబడి ఉండిపోయింది. ఆవిడకేం తెలీదు. తిట్టాలంటే నన్ను తిట్టు."

ఆవిడ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. తిట్లన్నీ ఇంటి దగ్గరే అయిపోయాయి కాబోలు. "కూర్చోండి," అంది చివరికి. "నిలబడితే నాకు మెడ నొప్పొస్తోంది."

ఆయన ఇద్దరి నడుమా కూర్చున్నాడు. వీధి దీపాలు వెలిగి చాలాసేపయ్యాక డాక్టరమ్మ బయటికొచ్చి, వాంతులు కట్టాయి, ఇంకాసేపట్లో తీసుకెళ్ళొచ్చు అంది. తల్లి ముఖం చేతుల్లో దాచుకుంది. బావ తన చేతులవైపు చూసుకుంటూ ఉండిపోయాడు. హోటలక్క గోడకి తల ఆనించింది. ఆకుపచ్చ రంగు చల్లగా తగిలింది.

*

మర్నాడు హోటలు తెరిచారు. తెరవాలా అని ఒకరినొకరు అడగలేదు.

సూపర్వైజరు వచ్చాడు. రోజూ కూర్చునే కుర్చీ లాక్కోలేదు. "ఆ పిల్ల బాగుందట. ఇంకో ఇద్దరికి కాస్త నలతగా ఉండి తగ్గింది. మీరు ఆ మాట అప్పుడు అనకపోతే ఎంతమంది పడుండేవాళ్ళో. అది నాకు తెలుసు," అన్నాడు. వాకిలి వైపు చూస్తూ, "కానీ మిల్లు భోజనం మీకివ్వరు. యజమాని వేరేవాళ్ళతో మాట్లాడేశాడు," అన్నాడు.

"సరేనండీ," అంది హోటలక్క.

"నేను చెప్పి చూశాను."

"సరేనండీ."

ఆయన తినకుండానే వెళ్ళాడు. చిన్నోడు తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తున్నాడు. వంటగదిలో పొయ్యి శబ్దం తప్ప ఏమీ లేదు. నిన్న ఆసుపత్రి నుంచి ఇద్దరూ పక్కపక్కనే నడిచి వచ్చారు కానీ, ఆయన ఆమెతో ఇంతవరకూ ఒక్క మాట కూడా అనలేదు. ఎండ వాకిలి దాటి మొదటి కుర్చీ దగ్గరికి వచ్చింది. వీధిలో వెళ్ళేవాళ్ళు లోపలికి ఒక చూపు చూసి వెళ్ళిపోతున్నారు. నిన్నటి మాట వీధి అంతా తిరిగే ఉంటుంది. ఎంతమంది నోళ్ళలో, ఎన్ని రకాలుగా.

అప్పుడు ఫిట్టరు వచ్చాడు. సరాసరి లోపలికి వచ్చి, మధ్య బల్ల దగ్గర కూర్చుని, మోచేతులు ఆనించి, వీధికి కూడా వినపడేలా అరిచాడు.

"అక్కా! ఈ పూట ఏది తినకూడదో ముందే చెప్పెయ్. అది తప్ప అన్నీ పట్రా!"

చిన్నోడు గుడ్డ వదిలేసి నోరు తెరిచాడు. దర్జీ కొట్టులో మిషను ఆగింది. హోటలక్కకి తిట్టాలో నవ్వాలో తెలియలేదు. వంటగదిలో గరిటె చప్పుడు ఆగిపోయింది.

బావ బయటికొచ్చాడు. భుజం మీది గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, బల్లల మధ్య నుంచి, ఎప్పుడూ నడవని తన హోటల్లో నడిచి వచ్చాడు.

"కడుపెలా ఉందయ్యా?"

"నువ్వేనా బావా! ఇన్నాళ్ళూ గొంతొక్కటే ఉందనుకున్నా," అన్నాడు ఫిట్టరు. "కడుపుకేం, ఆకలిగా ఉంది. ఇదిగో, ఇంకో సంగతి. మా నాన్న వచ్చే నెల పనిలోంచి దిగిపోతున్నాడు. ఆయన ఇంటి మేడ మీద ఒక యాభైమందికి భోజనం పెడదామనుకుంటున్నా. వండుతారా?"

ఒకసారి హోటలక్కే ఒప్పించి తీసుకెళ్ళింది. ఇప్పుడు ఆ మాట ఆమెది కాదు. ముందున్న బల్ల చెక్క మీది గీతలు చూస్తూ కూర్చుంది.

"అన్నీ తెలిసి మమ్మల్నే అడుగుతున్నావా?" అన్నాడు బావ.

"నిన్నటి నుంచి మా ఆవిడ ఒకటే పాట. వాళ్ళయితే పాడైందని చెబుతారు, వేరేవాళ్ళయితే పెట్టేస్తారు అని. నాకెందుకొచ్చిన గొడవ?"

వీధిలో ఎవరో సైకిలు బెల్లు పరీక్షగా మోగించారు. బావ ఒక కుర్చీ లాగి, ఫిట్టరుకి ఎదురుగా కూర్చున్నాడు.

"మీ మేడ మీద నీళ్ళు వస్తాయా? పొయ్యి ఎక్కడ పెట్టుకోవచ్చు?" అని అడిగాడు. "ఇక్కడ వండి తేను. అక్కడే వండుతాను. పదిమందికి సరిపడా వండుతాను, వాళ్ళు తింటుంటే ఇంకో పదిమందికి. ఆలస్యమవుతుంది. ఆగే ఓపికుంటేనే ఒప్పుకో."

ఫిట్టరు మేడ కొలతలు చేతులతో గాల్లో గీసి చూపించసాగాడు. ఇటు మెట్లు, అటు నీళ్ళ ట్యాంకు, ఇక్కడ నీడ. బావ ముందుకి వంగి చూస్తున్నాడు. కాసేపటికి, తల తిప్పకుండానే, "ఏమే, నువ్వూ ఇలా రా. ఈ మెట్లు ఇరుకంటున్నాడు, గిన్నెలు పడతాయో లేదో నువ్వూ విను," అన్నాడు.

ఆమె వెంటనే లేవలేదు. లేస్తే తన ముఖం వాళ్ళకి కనబడుతుంది. బల్ల మీద లేని దుమ్మును కొంగుతో తుడిచి, అప్పుడు లేచింది.